పుష్కరాలకు పిల్లతో వెళ్లాలా, వద్దా? టీనేజీ పిల్లలున్న ఇళ్లలో తరచుగా అడిగే ప్రశ్నలు

మాది కొవ్వూరు. పెళ్లయ్యాక హైదరాబాద్. గోదారి ఒడ్డున పుట్టిన పాపానికి, పుష్కరాలు వస్తున్నాయనగానే చుట్టాలూ, అపార్ట్‌మెంట్ వాళ్లూ, మా అమ్మాయి స్నేహితుల తల్లులూ అందరూ నన్నే అడుగుతున్నారు, నేనేదో రేవు మేస్త్రీనైనట్టు. చంటిపిల్లలతో ఎలా రావాలో, ముసలివాళ్లని ఎలా తేవాలో చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. పదమూడు నుంచి పంతొమ్మిది మధ్య వాళ్ల ఊసు ఎవరూ ఎత్తరు. చంకనెత్తుకునే వయసు కాదు, గుంపులో వదిలేసే వయసూ కాదు. మళ్లీ మళ్లీ వచ్చిన ప్రశ్నలకు ఒక్కచోటే జవాబు రాసేస్తే ఫోన్లు తగ్గుతాయని ఆశ.

పుష్కరాలు ఎప్పటి నుంచి ఎప్పటి వరకు?

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించిన ప్రకారం 2027 జూన్ 26 నుంచి జులై 7 దాకా, 12 రోజులు. క్యాలెండర్ ముందు పెట్టుకుని చూడండి. మొదటి రోజు శనివారం, రెండోది ఆదివారం. జులై 3, 4 మళ్లీ శని, ఆదివారాలు. అమావాస్య కూడా ఆ రెండు రోజుల మధ్యే పడుతోంది. పితృకార్యాలకి అమావాస్య దొరికితే జనం ఆగుతారా? ఆఖరి రోజు హారతికి ఎలాగూ రద్దీ ఉంటుంది. ఈ ఐదు రోజులూ పిల్లతో వెళ్లేవాళ్లకి కావు. ఈ మాట దగ్గర నేను బేరమాడను. మిగిలిన 7 రోజుల్లో ఏదన్నదే మన ఆలోచన.

మొదటి రోజు ముహూర్తానికి మునిగితేనే ఫలితం అంటున్నారు మా అత్తగారు. ఆవిడకి ఎలా చెప్పాలి?

వాదించకండి. ఆవిడ చేతే కథ చెప్పించండి, పక్కన మీ పిల్లని కూర్చోబెట్టి. తుందిలుడు అనే ఆయన తపస్సు చేసి శివుడి దగ్గర సమస్త తీర్థాల మీదా అధికారం పొందాడు. ఆయనే పుష్కరుడు. బ్రహ్మ అడిగితే ఆయన కమండలంలోకి వెళ్లాడు. తర్వాత బృహస్పతి కూడా పుష్కరుడు తనకి కావాలన్నాడు. పుష్కరుడికి బ్రహ్మను వదలడం ఇష్టంలేదు. చివరికి రాజీ కుదిరింది. గురుడు ఒక రాశిలో అడుగుపెట్టిన మొదటి 12 రోజులు, ఆ రాశిని విడిచే ముందు చివరి 12 రోజులు, మధ్యలో ఏడాదంతా రోజూ మధ్యాహ్నం రెండు ముహూర్తాలు పుష్కరుడు ఆ నదిలో ఉంటాడు. గురుడు సింహరాశిలోకి వచ్చినప్పుడు మన గోదావరి వంతు. నాసిక్‌లో సింహస్థ కుంభమేళా జరిగేదీ ఈ లెక్కనే.

కథ పూర్తయ్యాక మీరు మాట్లాడక్కర్లేదు. లెక్క కథలోనే ఉంది. పన్నెండు రోజులూ నదిలోనే ఉండేవాడు మొదటి పూట మునిగినవాళ్లకే పుణ్యమిచ్చి మిగతావాళ్లకి మొండిచెయ్యి చూపిస్తాడా? 2015లో ‘144 ఏళ్లకోసారి వచ్చే మహా పుష్కరం’ అని ఊదరగొట్టారు. దానికి తోడు మొదటి ముహూర్తం పిచ్చి. ఆ రెండూ కలిస్తే ఏమైందో అందరం చూశాం.

చివరి 12 రోజులనే అంత్య పుష్కరాలంటారు. 2016లో జులై 31 నుంచి ఆగస్టు 11 దాకా జరిగాయి. మొదటి 12 రోజుల ఆది పుష్కరాలతో పోలిస్తే జనం చాలా పలచన. ఈసారివి ఎప్పుడో మీ పంచాంగంలో చూసుకోండి. అత్తగారు ఒప్పుకుంటే అంతకు మించిన దారి లేదు. మా అత్తగారు ఒప్పుకోలేదు, అది వేరే సంగతి.

2015 చూశాక కూడా పిల్లని తీసుకెళ్లడం తెలివైన పనేనా?

ఆ ఏడాది జులై 14న, పుష్కరాల మొదటి రోజు ఉదయం రాజమండ్రి కోటగుమ్మం దగ్గరి పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగి 27 మంది పోయారు. ఎక్కువమంది ఆడవాళ్లే. అప్పటికి మా పాపకి మూడేళ్లు. మేమూ మొదటి రోజే బయల్దేరాల్సింది, పిల్లకి జ్వరం తగిలి ఆగిపోయాం. టీవీ ముందు కూర్చుని చెప్పుల గుట్టలు చూస్తూ ఉండిపోయాను. పదేళ్లు దాటినా ఆ గేటు ముందునుంచి వెళితే నా చెయ్యి మా అమ్మాయి మణికట్టు మీదకి దానంతటదే పోతుంది.

అయినా వెళ్లొద్దని చెప్పను. ఆ ఘటన జరిగింది ఒక రేవులో, ఒక పూట. అదే 12 రోజుల్లో, అదే నదిలో లక్షల మంది మునిగి, పులిహోర తిని, ఇళ్లకి చేరారు. మేమూ రెండో వారంలో తాళ్లపూడి వైపు ఒక చిన్న రేవుకి వెళ్లాం. మోకాళ్ల లోతు నీళ్లు, ముందొక పది మంది, వెనకొక పది మంది, అంతే. కాబట్టి ‘వెళ్లాలా వద్దా’ అని కాకుండా ‘ఏ రోజు, ఏ రేవు, ఏ పూట’ అని అడగండి. ఆ మూడింటికీ మీ చేతిలో జవాబు లేకపోతే, అంటే ‘పెళ్లివాళ్ల బస్సు మొదటి రోజు కోటగుమ్మానికే వెళుతోంది, మేమూ ఎక్కుతున్నాం’ లాంటి సందర్భమైతే, అప్పుడు వద్దు. పెద్దవాళ్లు వెళ్లనివ్వండి, మీరు పిల్లతో ఇంటి దగ్గర ఉండండి.

తొక్కిసలాటలో అసలు ఏం జరుగుతుంది? పిల్లకి ఇది చెప్పి భయపెట్టాలా?

చెప్పాలి. భయపెట్టడానికి కాదు. వాళ్లకి 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం దగ్గర 11 మంది పోయిన సంగతి మనకంటే బాగా గుర్తు. అక్కడ వాళ్ల ఈడువాళ్లూ ఉన్నారు.

‘తొక్కిసలాట’ అన్న మాటే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. కిందపడితే తొక్కేస్తారు, పడకుండా ఉంటే చాలు అనుకుంటాం. చాలామంది నిలబడే పోతారు. చుట్టూ ఒత్తిడికి ఛాతీ విచ్చుకోక, ఊపిరి లోపలికి పోక. చదరపు మీటరుకి ఐదారుగురు దాటితే ఇక గుంపు మన మాట వినదు, నీళ్లలా అలలు అలలుగా కదులుతుంది. వెనకవాళ్లకి ముందు ఏం జరుగుతోందో తెలియదు, ముందుకే తోస్తారు. ఎవరో దుర్మార్గులు తొయ్యడం వల్ల కాదు, అందరూ ఒక్కో అడుగు వేయడం వల్ల.

మా అమ్మాయికి నేను నేర్పిన గుర్తు ఒక్కటే. చెయ్యెత్తి ముక్కు గోక్కోవడానికి చోటు లేదనిపిస్తే అక్కడినుంచి బయటపడాలి, ముందు ఏ దేవుడున్నా సరే. అప్పటికే ఇరుక్కుంటే రెండు చేతులూ బాక్సరులా ఛాతీ ముందు పెట్టుకుని ఊపిరికి కాస్త చోటు మిగుల్చుకోవాలి. తోపుకి ఎదురు తిరగకూడదు, తోపు ఆగిన క్షణంలో ఏటవాలుగా పక్కకి జరగాలి. గోడకీ బారికేడుకీ ఆనుకోకూడదు. ఫోన్ పడిపోయినా, చెప్పు ఊడినా వంగకూడదు. ఆ ఆఖరిది రెండుసార్లు చెప్పాను, ఫోన్ ధర ఎంతో నాకూ తెలుసు కాబట్టి.

మా అబ్బాయి రానంటున్నాడు. బలవంతంగా తీసుకెళ్లొచ్చా?

అన్నిటికంటే ఎక్కువ వచ్చిన ప్రశ్న ఇది. నా అభిప్రాయం కొందరికి రుచించదు. కుదరదు. బలవంతపెట్టి తెచ్చిన పిల్ల గుంపులో మీ మాట వినదు. మూతి ముడుచుకుని నాలుగడుగులు వెనక నడుస్తుంది, చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంటాయి. నాలుగడుగులు వెనక అంటే రేవు దగ్గర ఇద్దరు వేర్వేరు గుంపుల్లో ఉన్నట్టే.

ముందు ‘రాను’ అంటే ఏమిటో తేల్చండి. ఒక్కో ఇంట్లో ఒక్కో అర్థం. కొందరికి నమ్మకం లేదు. కొందరికి అందరి ముందు తడిబట్టలతో నిలబడటం సిగ్గు. ఒకబ్బాయికి ఈత రాక నీళ్లంటే భయం, అది చెప్పలేక ‘ఇదంతా మూఢనమ్మకం’ అన్నాడు. ఇంకో ఇంట్లో అసలు సమస్య వాళ్ల బాబాయి, ప్రతిసారీ మార్కులు అడుగుతాడట. వీటిలో మూడింటికి మందు ఉంది. నీళ్లలో దిగకుండా గట్టు మీద కూర్చోవచ్చు, నెత్తిన నాలుగు చుక్కలు చల్లుకుంటే చాలు. బాబాయి వేరే కారులో రావచ్చు.

నమ్మకం లేనివాడితో దేవుడి గురించి వాదన పెట్టుకోకండి. నదిని చూపించడానికి రమ్మనండి. ధవళేశ్వరంలో 1852కి ఆనకట్ట పూర్తిచేసిన ఆర్థర్ కాటన్‌ని ఇప్పటికీ డెల్టా రైతులు దొరగారని తలుచుకుంటారు, పుష్కరాల్లో ఆయనకీ తర్పణం వదిలేవాళ్లున్నారు. తాతముత్తాతలతో పాటు ఒక ఇంగ్లీషు ఇంజినీరుకి నువ్వులూ నీళ్లూ వదిలే జనాన్ని చూడాలని ఏ పదిహేనేళ్ల కుర్రాడికైనా ఉండదూ? అయినా ‘వద్దు’ అంటే వద్దనే. ఇంట్లో ఎవరిని తోడు ఉంచాలో చూసుకోండి.

మా అమ్మాయి స్నేహితులతో కలిసి వెళ్తానంటోంది. పెద్దవాళ్లెవరూ ఉండరట.

పద్దెనిమిది నిండేదాకా వద్దు. నిండాక మీరు వద్దన్నా ఆగరు, అప్పుడు పై గుంపు పాఠం చెప్పి పంపండి.

ఏ రేవుకి వెళ్లాలి?

రాజమండ్రిలో పుష్కర ఘాట్, కోటిలింగాల, సరస్వతి, మార్కండేయ, గౌతమి ఘాట్లు పేరున్నవి. (రాజమహేంద్రవరం అని బోర్డులు మారాయి, మా నోళ్లు మారలేదు.) అందరికీ తెలిసిన పేరైతే అందరూ అక్కడికే వస్తారు, లెక్క అంతే. గోదావరి రైల్వే స్టేషన్ పుష్కర ఘాట్‌కి దగ్గర కావడంతో రైలు దిగినవాళ్ల కాళ్లు అటే లాగుతాయి.

అవతలి ఒడ్డున మా కొవ్వూరులో గోష్పాద క్షేత్రం ఉంది. అక్కడా జనం ఉంటారు, కాని ఊపిరాడుతుంది. హైదరాబాద్, విజయవాడ వైపు నుంచి వచ్చేవాళ్లు కొవ్వూరులో దిగితే వంతెన దాటే బాధే లేదు. పుష్కరాల్లో రోడ్డు కం రైలు వంతెన మీద కారులో ఇరుక్కున్నవాళ్లు సగం పుణ్యం అక్కడే ఖర్చు పెట్టేస్తారు. కొవ్వూరు కూడా రద్దీ అనిపిస్తే పైకి తాళ్లపూడి, పట్టిసీమ వైపు, కిందికి కోనసీమ పల్లెల రేవులున్నాయి. తెలంగాణ వాళ్లు ఇంత దూరం రావడమెందుకు? బాసర, ధర్మపురి, మంథని, కాళేశ్వరం, భద్రాచలం అన్నీ గోదారి ఒడ్డే. నిజామాబాద్ వాళ్లకి కందకుర్తి ఇంకా దగ్గర. వీటిల్లోనూ పేరు మోసిన గుడి రేవు కంటే దానికి అవతలి రేవు మేలు.

ఒకటే షరతు. ప్రభుత్వం రేవుగా ప్రకటించి, నీళ్లలో తాళ్లో జాలీలో కట్టి, గజ ఈతగాళ్లని పెట్టిన చోటే దిగాలి. ‘మా తోట వెనక బ్రహ్మాండమైన చోటుంది’ అనే బంధువు ప్రతి ఇంట్లో ఉంటాడు. దణ్ణం పెట్టి తప్పుకోండి.

మా వాడికి ఈత వచ్చు. భయం లేదు కదా?

ఈత వచ్చినవాడి గురించే నాకు భయం. 2025 మే నెలలో కోనసీమలో కమిని లంక దగ్గర స్నానానికి దిగిన 8 మంది కుర్రాళ్లు గల్లంతయ్యారు. నడుము లోతు అనుకున్న చోట ఇంకో అడుగు వేస్తే గొయ్యి. ఇసుక తవ్విన చోట, పాయలు కలిసేచోట గోదారి అడుగు ఏడాదికో రకంగా ఉంటుంది. స్విమ్మింగ్ పూల్లో నేర్చిన ఈతకి ప్రవాహం అంటే ఏమిటో తెలియదు.

పైగా జూన్ చివర, జులై మొదట్లో ఎర్రనీరు దిగే కాలం మొదలవుతుంది. ఎగువన మహారాష్ట్రలో, ఛత్తీస్‌గఢ్‌లో వానలు పడితే ఇక్కడ ఎండ కాస్తున్నా నీటిమట్టం పెరుగుతుంది. బయల్దేరే ముందు రోజు రెండు అంకెలు చూడండి. భద్రాచలంలో మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగులకి, ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి. 2022 జులైలో భద్రాచలంలో 71 అడుగులు దాటింది. నెల జులైయే, మరిచిపోకండి. మొదటి హెచ్చరిక ఎగరేశారంటే ప్రయాణం మానుకోండి, టికెట్ల డబ్బు పోతే పోయింది.

ఆడపిల్లని తీసుకెళ్తున్నాం. ప్రత్యేకంగా ఏం చూసుకోవాలి?

తెల్లబట్టలు వద్దు. ముదురు రంగు కాటన్ చుడీదార్, లోపల ఇంకో పొర, చున్నీ మెడకి చుట్టకుండా ఇంటి దగ్గరే వదిలేయడం. పట్టుపావడా ఫొటోకి బాగుంటుంది కాని తడిస్తే కాళ్లకి చుట్టుకుని మెట్ల మీద పడేస్తుంది. బట్టలు మార్చుకునే గదులు ఉంటాయి. తలుపు సరిగా పడుతుందో లేదో చూసి, బయట మీరే కాపలా ఉండండి. ఫోన్ పట్టుకుని రేవు ‘వీడియో’ తీసే మగమహారాజులు ప్రతి పుష్కరంలోనూ తయారవుతారు. మీ పిల్ల గమనించి చెబితే ‘ఊరుకో, నలుగురిలో గోల ఎందుకు’ అనకండి. పక్కనే పోలీసులుంటారు, చూపించండి.

నెలసరి ఆ తేదీల్లో వస్తే? కొందరు మాత్రలు వేసి వాయిదా వేయిస్తారు. డాక్టర్‌ని అడగకుండా పదిహేనేళ్ల పిల్లకి ఆ మాత్రలు మాత్రం వేయకండి. రోజు మార్చుకోండి, లేదా పిల్లనే అడగండి. వెళ్లాలా, నీళ్లలో దిగాలా, గట్టున ఉండాలా అన్నది ఆమె చెప్పాలి. ఆ విషయం ఇంట్లో అందరికీ దండోరా వేయక్కర్లేదు.

తప్పిపోతే?

2003 పుష్కరాల్లో నాకు పద్నాలుగేళ్లు. గోష్పాదం దగ్గర మా తాతయ్య చెయ్యి వదిలి జీళ్ల బండి వైపు చూశాను, అంతే. పావుగంటకి మైకులో నా పేరు, మా నాన్న పేరు, ‘ఎర్ర ఓణీ’ అని వినపడింది. ఎర్ర ఓణీలు ఇంకో ఇరవై మంది వేసుకున్నారు. తాతయ్య ఏడ్చిన మొహం చూడటం అదే మొదలు, అదే ఆఖరు.

ఇప్పుడు ఫోన్లున్నాయి కదా అనుకుంటాం. లక్ష మంది ఒక్కచోట చేరితే ఫోన్ మోగదు. కాల్ కలవకపోయినా ఎస్ఎంఎస్ ఒక్కోసారి వెళుతుంది. ఆరోజు ఎస్ఎంఎస్‌లే అని ముందే అనుకోండి. అంతకంటే ముందు ఒక పరీక్ష పెట్టండి. మీ పిల్లకి మీ నంబర్ నోటికి వచ్చా? మా అమ్మాయికి రాలేదు, నేను ఫోన్‌లో ‘అమ్మ’ని కదా. వారం రోజులు పట్టింది పది అంకెలు నేర్చుకోవడానికి. మోచేతి లోపల బాల్‌పెన్నుతో రాసి పంపండి, సిగ్గుపడితే చొక్కా చెయ్యి కిందికి లాక్కుంటారు.

కలుసుకునే చోటు రేవులో పెట్టుకోకండి. గుంపుకి బయట, పక్కవీధిలో, కదలనిది ఏదైనా, గుడి, బడి, బ్యాంకు. బండి, టెంటు లాంటివి వద్దు, అవి సాయంత్రానికి ఉండవు. ‘అరగంట వెతుకు, దొరక్కపోతే అక్కడికి పో, అక్కడినుంచి కదలకు’ అని చెప్పండి. చిన్నపిల్లలకి ‘ఉన్నచోటే ఉండు’ అంటాం, వీళ్లకి అలా చెప్పకూడదు. కిక్కిరిసిన చోట ఉన్నచోటే ఉండటం ప్రమాదం. ఏదైనా తేడా వస్తే 112.

పిండప్రదానం చేయిస్తున్నాం. మనవడు పక్కన ఉండాలా?

తండ్రి ఉన్న పిల్లవాడికి అక్కడ చేయాల్సిన కర్మ లేదు. గంటన్నర పొగలో, ఎండలో కూర్చోబెట్టడం కంటే వాళ్ల అమ్మతో నీడకి పంపండి. చివర్లో దణ్ణం పెట్టుకోవడానికి వస్తే చాలు. అయితే తాతగారి పేరూ, ముత్తాత పేరూ, గోత్రం అడుగుతుంటే చాలామంది నాన్నలే తడబడతారు. ముందురోజు రాత్రి పిల్లాడి చేత కాగితం మీద రాయించండి. మా ఇంట్లో మూడు తరాల పేర్లు మొదటిసారి ఒక్కచోట చేరింది అలాగే.

అమెరికా నుంచి వస్తున్నాం. అక్కడ పుట్టిన పిల్లలు తట్టుకుంటారా?

తేదీలు మీకు కలిసొచ్చాయి, అక్కడ వేసవి సెలవులు. ఇక్కడి పిల్లలకి బళ్లు తెరిచేసి ఉంటాయి, రెండు రోజులు మానిపించాలి. పదో తరగతి వాళ్ల తల్లులు దానికే గింజుకుంటారు, రెండు రోజులకి కొంపలేం మునగవు. మీ పిల్లలకి అసలు పరీక్ష జనం కంటే ఉక్కపోత, నీళ్లు. దిగిన మర్నాడే రేవుకి తేకండి, నాలుగైదు రోజులు ఒళ్లు అలవాటు పడనివ్వండి. మునిగేటప్పుడు నోరు మూసుకోమనండి, తీర్థం మింగొద్దు. టైఫాయిడ్ టీకా గురించి అక్కడి డాక్టర్‌ని ప్రయాణానికి ముందే అడగండి.

ఏం పట్టుకెళ్లాలి?

ఎంత తక్కువైతే అంత. నీళ్లసీసా, ఓఆర్ఎస్ పొట్లాలు, ఒక జత పొడిబట్టలు, తుండు, గ్రిప్ ఉన్న పాత చెప్పులు. బంగారం వద్దు. మూడు కేన్లలో గోదారి నీళ్లు పట్టుకొస్తానని బయల్దేరే పెద్దమ్మని సున్నితంగా ఆపండి, ఆ కేన్లు మోసేది మీ పిల్లే.

దారిలో మనసు మారితే?

బయల్దేరే ముందే ఒక ఒప్పందం చేసుకోండి. ఇంట్లో ఎవరు ‘వెనక్కి పోదాం’ అన్నా, కారణం అడగకుండా, అందరూ వెనక్కి తిరగాలి. పద్నాలుగేళ్ల పిల్ల అన్నా సరే, డెబ్భై ఏళ్ల నానమ్మ అన్నా సరే. రేవు కనిపించేంత దగ్గరికి వచ్చి తిరగడం చాలా కష్టం, ‘ఇంత దూరం వచ్చి’ అన్న మాట జనాన్ని ముందుకి తోస్తుంది. అందుకే మెట్లు మొదలయ్యే చోట ఒక్క నిమిషం ఆగండి. లోపలికి వెళ్లే దారి, బయటికి వచ్చే దారి వేరువేరుగా ఉన్నాయా? ఒకే దారిలో వెళ్లేవాళ్లూ వచ్చేవాళ్లూ ఢీకొంటుంటే అది మీ రేవు కాదు.

మీ ఇంట్లో ఏం తేల్చారు?

మా అమ్మాయికి అప్పటికి పదిహేను. తర్వాతి పుష్కరాలకి, 2039లో, ఇరవై ఏడు. ఆ లెక్క నేను చెప్పలేదు, తనే వేసుకుంది. రెండు రోజులు ఆలోచించి కాగితం మీద షరతులు రాసి ఫ్రిజ్‌కి అంటించింది. జులై 1 గురువారం, మధ్యాహ్నం పూట, కొవ్వూరు వైపే. తెల్ల డ్రెస్ వేయమనకూడదు. నాన్న ప్రతి ఐదు నిమిషాలకీ ‘ఎక్కడున్నావ్’ అనకూడదు. మునిగిన ఫొటో ఫ్యామిలీ గ్రూపులో పెట్టకూడదు. మా అత్తగారు కింద ఇంకో లైను కలిపారు, మునిగే ముందు తన చెయ్యి పట్టుకోవాలని. దాని పక్కన ఇంకా టిక్కు పడలేదు, కొట్టివేతా పడలేదు.